సోయా బదులు పురుగు: మా 36 కోళ్ల దాణా డైరీ

జూన్ 14

మా ఊరు మదనపల్లె పక్కనే. ఇంటి వెనక రేకుల షెడ్డులో 36 గ్రామప్రియ పెట్టలున్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన రకం ఇది. పెరట్లో తిరుగుతుంది, గోధుమరంగు గుడ్లు పెడుతుంది. మావి గుడ్లకొచ్చి రెండు నెలలు దాటింది.

దాణా నేనే కలుపుతాను. 100 కిలోలకు మొక్కజొన్న 52, సోయా చెక్క 24, తవుడు 12, షెల్ గ్రిట్ (కాల్షియం కోసం వేసే ఆల్చిప్పల నూక) 9, మిగిలిన 3 కిలోలు మినరల్ మిక్చర్, ఉప్పు. ప్రొటీన్ లెక్కేస్తే 17 శాతం వస్తుంది. ఆ 17లో 11 దాకా సోయా నుంచే. అందుకే సోయా ధర కదిలితే మా లెక్క మొత్తం కదులుతుంది. 2021లో సోయా చెక్క ధర ఒక్కసారిగా ఎంత పెరిగిందంటే, ఆ ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి (జీఎం) సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇచ్చింది. అప్పుడు మాకు 20 కోళ్లే ఉండేవి. సగం అమ్మేశాం. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో యూరప్‌లో కోళ్ల దాణాలో పురుగుల పిండి వాడుకోవచ్చనే నిబంధన అమల్లోకి వచ్చింది. అది చదివి అవ్వకు చెప్పాను. ఆమెకు అందులో కొత్తేమీ కనబడలేదు. "చెదల కుండ పెట్టకుండా మా కాలంలో కోడిపిల్ల పెరిగిందా అమ్మీ?" అంది. పాత కుండలో పేడ, తడి గడ్డి కూరి, చెదలున్న చోట సాయంత్రం బోర్లించేవాళ్లట. తెల్లారి ఎత్తి పిల్లల ముందు దులిపితే నిమిషంలో ఖాళీ.

నేను చెదలను పెంచలేను. నేను పెంచాలనుకుంటున్నది బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగును. అందరూ బీఎస్‌ఎఫ్ అంటారు. ఇంట్లో వాలే ఈగ కాదిది. నల్లగా, పొడుగ్గా, చూడ్డానికి కందిరీగలా ఉంటుంది, కుట్టదు. పెద్దదైన ఈగ అన్నం మీద వాలదు, ఎందుకంటే దానికి తిండి అవసరం లేదు. పురుగుగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వుతోనే వారం పదిరోజులు బతికి, గుడ్లు పెట్టి పోతుంది. తినడమంతా పురుగు దశలోనే. మదనపల్లె టమాటా మార్కెట్‌లో రోజూ ఏరి పారేసే కాయలు ఎన్ని ఉంటాయో చూసినవాళ్లకు తెలుసు. ఆ కాయల్ని పురుగు తింటే, పురుగును కోడి తింటే, సోయా సగమైనా తగ్గుతుందా? గుడ్లు తగ్గకుండా తగ్గుతుందా? ఈ ప్రశ్న కోసమే ఈ డైరీ.

జూన్ 27

18న 2 గ్రాముల బీఎస్‌ఎఫ్ ఈగ గుడ్లు తెప్పించాను. 2 గ్రాములే అనిపిస్తుంది గానీ, ఒక్క గ్రాములోనే 35 వేలకు పైగా గుడ్లుంటాయి. నాలుగో రోజు పగిలాయి. కంటికి ఆనని పిల్లలు, పొడి కదిలినట్టు కదిలాయి. ఐదు రోజులు తడిపిన తవుడు పెట్టాను.

ఈరోజు పెద్ద తొట్లలోకి మార్చాను. నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్మును నిలువుగా కోసి రెండు తొట్లు చేశాం. ఒకదాంట్లో టమాటాలు మాత్రమే, రెండోదాంట్లో టమాటాలు, తవుడు కలిపి. స్టాండు కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టాను, చీమలు ఎక్కకుండా.

జూలై 9

టమాటాలు మాత్రమే వేసిన తొట్టి ఫెయిల్. నాలుగో రోజుకే అడుగున నీళ్లు నిలిచి పులిసిన వాసన. పురుగులు తడి తప్పించుకోవడానికి గోడలెక్కి బయట పడ్డాయి. మిగిలినవి ఈరోజుకూ బియ్యపు గింజంతే ఉన్నాయి. టమాటాలో 95 శాతం దాకా నీళ్లే. పురుగుకు ఒళ్లు రావాలంటే ఎండు పదార్థం కావాలి, కొంచెం ప్రొటీన్ కావాలి. నేను చెత్త బరువు చూసి మురిశాను, అందులో నీళ్ల బరువు చూడలేదు.

తవుడు కలిపిన తొట్టిలో పురుగులు వేలి గోరు దాటి పొడుగయ్యాయి. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, అన్నీ కలిసి తింటుంటే పుట్టే వేడి అది. జల్లెడ పడితే 4 కిలోలు వచ్చాయి. తెల్లగా, లేత గోధుమరంగులో ఉన్నప్పుడే తియ్యాలి. నల్లబడ్డాక తోలు గట్టిపడుతుంది, కోడికి సరిగా అరగని కైటిన్ అనే తోలు పదార్థం పెరుగుతుంది. అర కిలో మాత్రం ఈగలు కావడానికి వదిలేశాను.

మిగతావాటిని మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి తీశాను. ఈ పని నాకు ఇష్టం లేదు. అయినా ఎండలో ప్రాణంతో మాడ్చడం కన్నా ఇదే త్వరగా అయిపోతుంది. క్రిములూ చస్తాయి, పురుగు నల్లబడకుండా ఉంటుంది. తర్వాత పట్ట మీద పరిచి, కాకులు రాకుండా పైన దోమతెర కప్పాను. మూడు ఎండలకు వేళ్ల మధ్య నలిపితే పెళుక్కుమంది. 3 కిలోల పచ్చి పురుగుకు 1 కిలో ఎండుది. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క.

జూలై 16

ఈ మధ్యలో ఇంకొకటి చూశాను. నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేస్తారు, మా చుట్టుపక్కల రీలింగ్ చేసేవాళ్లున్నారు. పట్టుగూళ్లు ఉడకబెట్టి దారం తీశాక మిగిలే పురుగు కూడా మంచి ప్రొటీనే. తెలిసిన అన్న ఒకాయన బకెట్ నిండా ఇచ్చాడు. సాయంత్రానికే వాసన మొదలైంది. ఎలాగో ఎండబెట్టి ఐదు పెట్టలకు వేరుగా పది రోజులు పెడదామనుకున్నా. ఏడో రోజు ఆమ్లెట్ నోట్లో పెట్టుకుని అమ్మ ఆగిపోయింది. వాసన గుడ్డులోకి వచ్చింది. నూనె తీసేసిన పిండి అయితే వేరే మాటేమో గానీ, మా ఇంట్లో అది కుదరదు. ఆపేశాను.

ఆగస్టు 2

మన సొంత గుడ్లు! ఈగల కోసం మునగచెట్టు పక్కన దోమతెరతో గది కట్టాం. పొద్దున ఎండ నేరుగా పడాలి, ఎండ లేకపోతే ఇవి జతకట్టవు. రోజుకు రెండుసార్లు తెర మీద నీళ్లు చల్లాలి, అవి తాగేది అంతే. లోపల పులిసిన తవుడు గిన్నె, దానిమీద సన్నటి సందులుండేలా కట్టిన చెక్కపట్టీలు. ఆడ ఈగ కుళ్లులో గుడ్లు పెట్టదు. కుళ్లు వాసనకు వచ్చి, పక్కనున్న పొడి సందు వెతుక్కుంటుంది. మూడు రోజులు ఖాళీ పట్టీలే చూశాను. ఈరోజు విప్పితే సందు పొడుగునా పాలమీగడ రంగులో గుడ్ల గీత. అరగ్రాము కూడా లేదు. అయినా నాయనను, అవ్వను పిలిచి చూపించాను.

ఆగస్టు 5

తర్వాత మళ్లీ కొన్న ఈగ గుడ్లతో పెంచినవీ కలిపి ఎండు పురుగు 9 కిలోలు చేరింది. షెడ్డు మధ్యలో జాలి కట్టి ఎడమ గదిలో 18, కుడి గదిలో 18 పెట్టలను పెట్టాను. పోయిన రెండు వారాలు రెండు గదులకూ మామూలు దాణానే వేసి లెక్క రాశాను. వారానికి ఎడమ గది 94, కుడి గది 96 గుడ్లు. సుమారు సమానం.

ఇవాళ్టి నుంచి ఎడమ గదికి మామూలు దాణా. కుడి గదికి సోయా 24 నుంచి 12కి దించి, పురుగు పొడి 13 కలిపాను, తవుడు ఒక కిలో తగ్గించాను. పురుగులో ప్రొటీన్ 40 శాతం చుట్టూ, సోయాలో 45. ఆ తేడాకే ఒక కిలో ఎక్కువ. పురుగులో కాల్షియం బాగా ఉంటుందని చదివాను కాబట్టి షెల్ గ్రిట్ 9 నుంచి 4కు తగ్గించి, ఆ చోటు మొక్కజొన్నతో నింపాను.

తొట్టిలో పోయగానే పురుగు ముక్కలనే ఏరుకుని తిన్నాయి, మిగతా పిండిని కాళ్లతో చిమ్మాయి. రేపటి నుంచి పురుగును మిక్సీలో మెత్తగా కొట్టి కలపాలి.

ఆగస్టు 30

తప్పు చేశాను. కుడి గది గుడ్లు లెక్కకు తగ్గలేదు, మూడో వారం కూడా 95. కానీ పెంకు పలచబడింది. ట్రేలో పెడుతుంటేనే నాలుగు చిట్లాయి. పదిరోజులుగా కనబడుతూనే ఉంది, నేనే వాతావరణం అనుకుని వదిలేశాను.

రాత్రి కూర్చుని లెక్క వేస్తే రెండు కారణాలు దొరికాయి. మొదటిది గ్రిట్. 5 కిలోలు తీసేస్తే దాదాపు 2 శాతం కాల్షియం పోయింది. 13 కిలోల పురుగు అందులో మూడో వంతు కూడా తిరిగి ఇవ్వలేదు. రెండోది నాకు అస్సలు తట్టనిది. నేను వాడేది నూనె తీయని పురుగు, అందులో 30 శాతం దాకా కొవ్వే. కొవ్వు ఎక్కువైతే దాణాలో శక్తి పెరుగుతుంది, కోడికి తక్కువ తిండితోనే చాలుతుంది. ఎడమ గది పెట్ట రోజుకు 110 గ్రాములు తింటుంటే, కుడి గదిలో 101 గ్రాములే తింటోంది. తక్కువ తిన్నప్పుడు దాణాతో పాటు కలిపిన కాల్షియం, మినరల్ కూడా ఆ మేరకు తగ్గినట్టే. శాతాలు కాగితం మీద సరిపోయినా, కోడి నోట్లోకి వెళ్లేది గ్రాములు.

గ్రిట్ మళ్లీ 9 చేశాను. పెంచిన మొక్కజొన్న 5 కిలోలు తీసేశాను. అది కాక, ఒక మట్టి మూకుడులో గ్రిట్ విడిగా పెట్టాను. సాయంత్రమయ్యేసరికి పెట్టలే వచ్చి తింటున్నాయి. గుడ్డుకు పెంకు కట్టేది ఎక్కువగా రాత్రిపూటే కదా.

సెప్టెంబర్ 11

పెంకు గట్టిపడింది. కానీ ఇవాళ చాలా బాధగా ఉంది.

నిన్న మార్కెట్ నుంచి కొత్తచోట తెచ్చిన రెండు క్రేట్ల టమాటాలు నాలుగు తొట్లలో వేశాను. తెల్లారి చూస్తే మూడు తొట్లు కదలడం లేదు. పురుగులు మెత్తబడి చనిపోయాయి. సుమారు 6 కిలోల పురుగు, రెండు వారాల పని. మా నాయన ఒక కాయ వాసన చూసి, "మందు కొట్టిన రెండో రోజో మూడో రోజో కోసిన కాయ" అన్నాడు. పరీక్ష చేయించలేదు కాబట్టి అదే కారణమని గట్టిగా చెప్పలేను. కానీ పురుగుల మందు పురుగును చంపడంలో ఆశ్చర్యం ఏముంది? నన్ను వణికించిన సంగతి వేరే ఉంది. చావకుండా, ఆ మందును ఒంట్లో పెట్టుకుని కోడి దగ్గరికి వెళ్లే పురుగు ఉండొచ్చు. ఆ గుడ్డు ఎవరో ఒక పసిబిడ్డ తింటుంది.

ఇప్పుడు నియమం పెట్టుకున్నాను. ఎక్కడి కాయో తెలియనిది వద్దు. మా చేలో, మా చిన్నాన్న చేలో ఏరేసిన కాయలు, అవీ మందు కొట్టి వారం దాటాక. ఏ కొత్త సరుకైనా ముందు ఒక డబ్బాలో వంద పురుగులకు వేసి రోజంతా చూడాలి. మాంసం, చేపల వ్యర్థాలు, కోళ్ల పెంట ఈ తొట్లలోకి రానేకూడదు.

సెప్టెంబర్ 29

గుడ్లు తీసుకునే టీచరమ్మ ఒకావిడ గేటు దగ్గర ఆగి, "పురుగులు మేపుతున్నారంట కదమ్మా, నిజమేనా?" అని అడిగింది. దాచలేదు. లోపలికి తీసుకొచ్చి తొట్టి, ఉడకబెట్టే గిన్నె, ఎండిన పొడి అన్నీ చూపించాను. పెరట్లో తిరిగే నాటుకోడి రోజంతా గీరి తినేది కూడా పురుగులే కదా అన్నాను. ఆమె డజను తీసుకుని వెళ్లింది. ఇంకొక ఇంటివాళ్లు మానేశారు. వాళ్ల ఇష్టం, వాళ్లకు చెప్పకుండా అమ్మడం కన్నా ఇదే నాకు నయం.

అక్టోబర్ 20

సోయా పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో కూడా చూడాలనిపించి మూడు వారాలు ప్రయత్నించాను. కుడి గదికి సోయా సున్నా, పురుగు 26. మొదటి వారం 92 గుడ్లు, రెండో వారం 87, మూడో వారం 83. అదే సమయంలో ఎడమ గది 93, 94, 92. తిండి 92 గ్రాములకు పడిపోయింది. గుడ్డు సగటు బరువు 55 నుంచి 53 గ్రాములకు దిగింది. రెట్టలు మెత్తగా, జిడ్డుగా. 26 కిలోల పురుగు అంటే దాణాలోకి 8 కిలోల దాకా కొవ్వు పోసినట్టు. మిథియోనిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) కూడా చాలలేదనే అనుకుంటున్నాను, పురుగులో అది సరిపడా ఉండదు.

నూనె తీస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఊళ్లో గానుగ ఆయనను అడిగాను. "తినే నూనె తీసే గానుగలో పురుగులు పొయ్యలేనమ్మా" అన్నాడు. ఆయన చెప్పింది న్యాయం. మళ్లీ అడగలేదు.

కుడి గదిని మళ్లీ సగం సోయాకు మార్చాను.

నవంబర్ 17

వరుసగా ముసురు. ఎండ లేదు. ఉడకబెట్టిన పురుగులు రెండో రోజుకే జిగురు పట్టాయి. ఒక బ్యాచ్ మొత్తం మునగచెట్టు మొదట్లో పాతిపెట్టాను. పోయిన నెల ఎండబెట్టి దాచిన డబ్బా తెరిస్తే పాత నూనె కంపు. కొవ్వు ఉన్న పొడి తేమలో మూడు వారాలకు మించి ఆగదు. కట్టెల పొయ్యి మీద పెద్ద పెనం పెట్టి, సన్నటి మంటన ఇసుకతో వేయించి చూశాం, పేలాలు వేయించినట్టు. అవ్వ ఐడియా ఇది. బాగా వచ్చింది. జల్లెడ పడితే ఇసుక కిందికి దిగిపోతుంది.

ఇక డబ్బుల లెక్క. చాలా రోజులుగా వాయిదా వేస్తున్నాను. 1 కిలో ఎండు పురుగు రావాలంటే 20 కిలోల టమాటా, 4 కిలోల తవుడు పట్టాయి. తవుడు కిలో 25 చొప్పున 100 రూపాయలు. నేను కొనే సోయా కిలో 52! టమాటాలు ఉచితమని సంబరపడి, తవుడుకు దాదాపు రెట్టింపు ఖర్చు పెట్టాను. ఈ ఐదు నెలల్లో నాకు బాగా తెలిసివచ్చింది ఇదే. కోడి పురుగును తింటుందా అన్న దాంట్లో సందేహం ఎప్పుడూ లేదు. పురుగుకు ఏం పెట్టి పెంచుతున్నాం, అది కొన్నదా పారేసేదా అన్న దగ్గరే అంతా ఉంది.

రెండు వారాలుగా దారి మార్చాను. కాలేజీ పక్కన శాకాహార మెస్ నుంచి మిగిలిన అన్నం, పప్పు రోజూ తెస్తున్నాను. తవుడు 1.5 కిలోలకు తగ్గింది. కట్టెలతో కలిపి కిలో ఎండు పురుగు 46 రూపాయల దగ్గర పడుతోంది. నా కూలి ఇందులో లేదు. రోజుకు గంటన్నర పని. అది కూడా కలిపితే ఇప్పటికీ సోయానే చౌక. మెస్ అన్నంలో ఉప్పు ఉంటుంది కాబట్టి దాణాలో ఉప్పు కొంచెం తగ్గించాను.

డిసెంబర్ 21

మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. చలికాలం ఇక్కడ నిజంగానే చలి. పొద్దున 9 దాకా మంచు. ఈగలు తెర మూలల్లో ముడుచుకుని కూర్చుంటున్నాయి, జతకట్టడం లేదు. మూడు వారాలుగా పట్టీలు ఖాళీ. లోపల మామూలు బల్బు పెట్టి చూశాను, ప్రయోజనం లేదు. వాటికి కావాల్సిన వెలుగు అది కాదు. తొట్లలో పురుగులు కూడా 13 రోజుల పని 24 రోజులు చేస్తున్నాయి.

రెండు గదుల్లోనూ గుడ్లు తగ్గాయి: ఎడమ 81, కుడి 80. పగలు చిన్నదైంది, వయసూ పెరుగుతోంది. ఎడమ గది లేకపోయి ఉంటే ఈ తగ్గుదల కూడా పురుగు మీదే వేసేదాన్ని. ఎవరైనా మొదలుపెడితే, సగం కోళ్లను మామూలు దాణా మీద వదలండి. ఐదు కోళ్లున్నా సరే.

దాచిన ఎండు పురుగు 2 కిలోలకు పడిపోయింది. కుడి గదికి తాత్కాలికంగా సోయానే.

జనవరి 12

ప్యూపాలను (ఈగలు కావడానికి ముందు కదలకుండా ఉండే దశవి) రంపపు పొట్టు వేసిన కుండల్లో వంటింటి అటక మీద దాచాను. అక్కడ పొయ్యి వేడి తగులుతుంది. ఈగల గదిని మునగచెట్టు దగ్గర నుంచి తీసి, మిద్దె మీద దక్షిణం వైపు గోడకు ఆనించి కట్టాం. మూడు వైపులా పాత పాలిథిన్ షీటు. నిన్న మధ్యాహ్నం లోపల 29 డిగ్రీలు చూపించింది, బయట 23.

ఇవాళ సాయంత్రం పట్టీలు విప్పితే ఐదు గీతలు. బ్లేడుతో గీకి తూస్తే 0.8 గ్రాములు. అవ్వ మెట్లెక్కలేదు కాబట్టి కిందికి తెచ్చి కాగితం మీద చూపించాను. చాలాసేపు చూసింది. "ఇంత చిన్నదానికి ఇంత చాకిరీనా" అని, ఆ కాగితం కదలకుండా పట్టుకునే కూర్చుంది.

సగం సోయా అన్న పట్టుదల వదిలేస్తున్నాను. ఏడాది పొడుగునా నేను చేయగలిగింది పావు వంతే. సోయా 18, పురుగు 6, షెల్ గ్రిట్ 9, విడిగా మూకుడులో ఇంకొంచెం గ్రిట్. ఇంత తక్కువ పురుగుతో కొవ్వు సమస్య రాకూడదు, తిండి 108 గ్రాములకు తగ్గకుండా చూడాలి. తొట్ల అడుగున మిగిలిన పిప్పి ఎరువు నాలుగు బస్తాలుంది, నాయన టమాటా నారుమడికి రెండు అడిగాడు. ఒక మడికి వేసి, పక్కమడికి వెయ్యకుండా వదలమన్నాను.

ఈ గుడ్లు 16న పగలాలి. తవుడు తడిపి పెట్టాను.